పాటల చీటీ వెనకవైపు

పెళ్ళయి ఐదు వారాలైంది. తాళం తీసే ముందు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను, ఇది నిజంగా మా తలుపేనా అని. వేల్స్‌లోని పాంటీప్రిడ్‌లో రొట్టెల దుకాణం పైన రెండు గదులు మావి. తెల్లవారేసరికి వేడి రొట్టె వాసన మెట్లెక్కి మా మంచం దాకా వస్తుంది. స్నానాల గది కిటికీ గట్టు మీద పిడి విరిగిన కప్పు ఒకటి, అందులో రెండు బ్రష్‌లు. నీలం రంగుది గెథిన్‌ది, పసుపుది నాది. వాటిని చూస్తే నాకు ఊరికే నవ్వొస్తుంది. ఆసుపత్రి రక్తపరీక్షల లాబ్‌లో ఏడింటికల్లా ఉండాలి కాబట్టి ఆరున్నరకే బయల్దేరతాను. అప్పటికి మా ఆయన ముసుగు కూడా తీయడు. చెవి మీద ఓ ముద్దు పెట్టి, బూట్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతాను.

గెథిన్ పగలు మొక్కల నర్సరీలో కుండీలు మోస్తాడు. మిగతా బతుకంతా ‘సారీ ఎబౌట్ ట్యూస్‌డే’ అనే బ్యాండ్. మంగళవారం జరిగినదానికి మన్నించమని ఆ పేరుకర్థం. ఆ మంగళవారం ఏం జరిగిందో ముగ్గురిలో ఒక్కరికీ గుర్తులేదు. గెథిన్ గిటార్ వాయిస్తూ పాడతాడు. వాళ్ళ చెల్లెలు బెథన్ డ్రమ్స్. బడి రోజుల నుంచీ స్నేహితుడైన ఓస్యన్ బేస్ గిటార్. వాళ్ళ పాటలన్నీ గుండె పగిలిన పాటలే. గిటార్లు పరుగెత్తుతుంటాయి, మాటలేమో ఏడుస్తుంటాయి. వినేవాళ్ళు కళ్ళు మూసుకుని, పక్కవాడి భుజం మీద చెయ్యేసి గొంతు చించుకుంటారు. ఆరేళ్ళు పబ్బుల మేడమీద పాతికమందికి పాడారు. ఈ ఏడాది ‘ఆమె ఎక్కిన బస్సు’ అనే పాట ఎలాగో జనం ఫోన్లలోకి పాకింది. ఇప్పుడు స్వాన్సీలో, న్యూపోర్ట్‌లో, బ్రిస్టల్‌లో వానలో వరస కట్టి నిలబడుతున్నారు.

ఆ బస్సెక్కి వెళ్ళిపోయిన అమ్మాయి పేరు కెర్రిస్. పాటలో పేరుతో సహా ఉంది. నీకేం అనిపించదా అని లాబ్‌లో అందరూ అడుగుతారు. నేను అందరికంటే గట్టిగా పాడతాను. ఆమె ఆ బస్సెక్కకపోతే గెథిన్ నాకు దొరికేవాడు కాదు కదా. ఆ డ్రైవరు ఎదురైతే దండ వెయ్యాలనుంది.

చిక్కల్లా ఒకటే. పెళ్ళయ్యాక గెథిన్ ఒక్క పాటా రాయలేదు.

బ్రిస్టల్‌లో ఫిలిప్పా అనే ఆవిడ చిన్న రికార్డు కంపెనీ నడుపుతుంది. నాలుగు పాటలతో ఒక రికార్డు వేద్దామంది. మూడున్నాయి. నాలుగోది నెలాఖరుకి కావాలి, స్టూడియో రోజులు కూడా రాయించేసింది. అది లేకపోతే ఆ రోజులు ఇంకో బ్యాండ్‌కి పోతాయి, వీళ్ళ వంతు మళ్ళీ వచ్చే ఏడాదే. ఓస్యన్‌కి లీడ్స్‌లో ఉద్యోగం వచ్చి ఉంది. రికార్డు ఉంటే ఉంటాను, లేదంటే సెప్టెంబరులో వెళ్ళిపోతాను, ఇంట్లో వాళ్ళకి ఇంకో ఏడాది ఏం చెప్పను అని అతను ఏ కోపమూ లేకుండా చెప్పాడు. అతను లేని బ్యాండ్ బ్యాండ్ కాదని ముగ్గురికీ తెలుసు. అంటే ఒక్క పాట రాకపోతే ఆరేళ్ళూ అక్కడితో సరి.

గెథిన్ రోజూ నోటు పుస్తకం ముందేసుకుని కూర్చుంటాడు. పెన్ను కొరుకుతాడు. నేనటు వెళ్తే చూసి నవ్వుతాడు. ఆ రోజుకి అంతే.

ఒక ఆదివారం బెథన్ మా వంటింటి బల్లెక్కి కూర్చుని, చీజ్ వేసి కాల్చిన రొట్టె తింటూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “వదినా, మా అన్నకి సుఖం చేసింది. ఒళ్ళంతా పాకింది. ఏదైనా చెయ్యి. వారం రోజులు పుట్టింటికి పో.”

“నేను పోతే ఏడుస్తాడా?”

“ఏడిస్తే పాటొస్తుంది. రాకపోతే నా డ్రమ్స్ అమ్ముకుని నీకు ఉయ్యాల కొనిస్తా.”

ఆమె నవ్వులాటకే అంది. నాకు మాత్రం గుచ్చుకుంది. వాళ్ళు ఆరేళ్ళు కట్టుకున్నదాన్ని నేను ఐదు వారాల్లో కూల్చేస్తున్నానా అనిపించింది. సరే, నా ప్రయత్నం నేను చేద్దామనుకున్నాను. మొదట గిన్నెలు తుడిచే గుడ్డ గురించి పోట్లాడాను. తడిగుడ్డ అలా ఉండచుట్టి పడేస్తావేం, నీకు బుద్ధి లేదా అని మొహం ముడుచుకుని నిలబడ్డాను. గెథిన్ ఆ గుడ్డని విడదీసి, నాలుగు మూలలూ సరిచేసి, పెళ్ళికూతురి ముసుగులా నా నెత్తిన కప్పాడు. కోపం అక్కడే చచ్చిపోయింది. తరవాత నిజంగానే పుట్టింటికెళ్ళాను. పది నిమిషాల నడక. రెండు రోజులున్నాను. వేడినీళ్ళ సంచీ ఎక్కడ పెట్టావని ఒకసారి, దొరికిందని ఒకసారి, నీ దిండు నేను వాడుకోవచ్చా అని ఒకసారి ఫోన్ చేశాడు. మూడోరోజు పొద్దున మా అమ్మ నా చేతిలో వెల్ష్ కేకుల డబ్బా పెట్టి, నీ ముఖం చూడలేకపోతున్నా, ఇంటికి పో అంది.

మా పెళ్ళికి చాపెల్‌లో, అంటే మా చిన్న చర్చిలో, పంచడానికి పాటల కాగితాలు అచ్చు వేయించాం. ఒకవైపు మా పేర్లు, తేదీ, అందరూ కలిసి పాడాల్సిన కీర్తనలు. రెండోవైపు తెల్లగా ఉంటుంది. మా మావయ్య లెక్క తప్పి రెట్టింపు వేయించారు. మిగిలిన కట్ట వంటింటి కిటికీలో ఉంది. నాకేమో వాటిని పారెయ్యబుద్ధి కాదు. ప్రదర్శన రోజున ఏ పాట తరవాత ఏ పాటో రాసి, ఒక్కొక్కరి కాళ్ళ దగ్గరా నల్ల టేపుతో అంటించే చీటీలుంటాయి. పెళ్ళయ్యాక ఆ పని నేనడిగి తీసుకున్నాను. కట్టలోంచి మూడు కాగితాలు లాగి, తెల్లవైపు లావుపాటి మార్కర్‌తో పెద్దక్షరాలు రాస్తాను. చివర చిన్న గొడుగు బొమ్మ గీస్తాను. పాటలయ్యాక ముందు వరసలో వాళ్ళు ఆ చీటీలు ఊడదీసి ఇంటికి పట్టుకుపోతారు. అది మామూలే, ఎవరూ అడ్డు చెప్పరు. దొరికినవాళ్ళు దాన్ని గోడకి అంటించుకుంటారు. మా పెళ్ళి కాగితాలు ఎవరెవరి గోడల మీదో ఉన్నాయన్న సంగతి తల్చుకుంటే నాకు భలే సరదా.

ఆ శనివారం న్యూపోర్ట్‌లో మధ్యాహ్నం ప్రదర్శన. బడి పిల్లలు కూడా రావాలని రెండింటికి పెట్టారు. నేను వెనక టీషర్టుల బల్ల దగ్గరున్నాను. నా పక్కన ఎప్పటిలాగే మెర్విన్ గారు గోడకానుకుని నిలబడ్డారు. యాభై దాటిన మనిషి, స్కూలు బస్సులు బాగుచేసే మెకానిక్. కూతురు హెలెడ్‌కి పదహారేళ్ళు. ఆ పిల్ల ముందువరసలో నలుగుతుంటే ఆయన వెనక చెవుల్లో పసుపు స్పాంజి బిరడాలు పెట్టుకుని, ఆమె కోటు మోస్తూ నిలబడతారు. ఈ పాటలు మీకు నచ్చుతాయా అని ఒకసారి అడిగాను. “నచ్చడానికేముందమ్మాయ్, నాకు వినపడితేగా” అన్నారు. కానీ ‘ఆమె ఎక్కిన బస్సు’ మొదలయ్యేసరికి ఒక చెవి బిరడా తీస్తారు. నేను చూడలేదనుకుంటారు.

ఆ రోజు కూడా తీశారు. చివరి చరణానికొచ్చేసరికి, ఈ పాటలో ఎప్పుడూ జరిగేట్టే, గెథిన్ గొంతు పట్టేసింది. మైకు జనం వైపు చాపాడు. రెండొందల గొంతులు కెర్రిస్‌ని బస్సెక్కించేశాయి. అయ్యాక హెలెడ్ చెమటతో తడిసి, చేతిలో చీటీ ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. గెథిన్ కాళ్ళ దగ్గరిది. మెర్విన్ గారు దాన్ని మడత పడకుండా చొక్కా లోపల పెట్టుకున్నారు, బయట వాన పడుతోందని.

ఆదివారం పొద్దున నేను లేచేసరికి గెథిన్ వంటింటి నేల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ పెళ్ళి కాగితాలు. ఒక్కొక్కటీ తిప్పి చూస్తున్నాడు.

“ఎల్, నిన్న చీటీలు ఈ కట్టలోవేనా?”

అవునన్నాను. పైనుంచి తీశావా, కిందనుంచి తీశావా అన్నాడు. నాకేం గుర్తు. ఏం పోయిందంటే చెప్పడు. నేను కూడా పక్కన కూర్చుని ఓపిగ్గా చూశాను. చివరికి మోకాళ్ళలో తల పెట్టుకుని చెప్పాడు. ఒక పాట రాశాడట. నేను డ్యూటీకెళ్ళిన ఒక పొద్దున, చేతికందిన కాగితం మీద, కీర్తనల పక్క ఖాళీల్లో పెన్సిలుతో. రాశాక సిగ్గేసి, ఎవరు చూస్తార్లే అని కట్ట మధ్యలో దూర్చేశాడు. అచ్చేసిన వైపు నేను తిప్పి చూడను కదా. నేను రెండోవైపు పాటల జాబితా రాసేసి, గొడుగు బొమ్మ కూడా గీసి, అతని కాళ్ళ దగ్గరే అంటించాను. అతను దాని మీద నిలబడే గంటసేపు పాడాడు.

“ఎవరి గురించి ఆ పాట?” అన్నాను. నాకు తెలుసు. అయినా వినాలనిపించింది.

“రొట్టెల షాపావిడ గురించి.”

మోచేత్తో పొడిచాను. నవ్వలేదు. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వకపోతే ఇల్లు చల్లబడినట్టయింది. మళ్ళీ రాయమంటే, సగం గుర్తుంది, మిగతాది గుర్తు చేసుకోదల్చుకోలేదన్నాడు. పోతే పోయింది, మంచిదేనన్నాడు. ఆ పిల్లలు ఎక్కడెక్కడినుంచో రెండు బస్సులు మారి ఏడవడానికొస్తారు. వాళ్ళ ముందు నిలబడి, నేను సుఖంగా ఉన్నాను చూడండి అని పాడితే అన్నం లేనివాడి ముందు విందు భోజనం చేసినట్టుంటుంది. వచ్చే ఆదివారం దాకా చూస్తాను, ఏడుపు పాట రాకపోతే ఫిలిప్పాకి లేదని చెప్పేస్తాను, ఓస్యన్‌ని పోనిద్దాం. ఇదీ అతను చెప్పినదంతా.

నా గురించి పాట రాసినందుకు గాల్లో తేలాలో, దాన్ని దాచినందుకు అలగాలో, పోగొట్టినందుకు ఏడవాలో తెలియలేదు. మూడూ కొంచెం కొంచెం చేశాను. ఆ వారమంతా గెథిన్ రోజూ కెర్రిస్ గురించి రాయబోయాడు. ఆమె ముఖమే గుర్తు రావడం లేదని గురువారం ఒప్పుకున్నాడు.

శనివారం కార్డిఫ్‌లో, గాజు పైకప్పు ఉన్న పాత బజారు సందులో ఒక రికార్డుల దుకాణం వాళ్ళు పన్నెండింటికి అరగంట పాడమన్నారు. యాభైమంది పట్టే చోటు. అరలన్నీ గోడలకి జరిపారు. డ్రమ్స్‌కి చోటు లేదని బెథన్ ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, దాన్నే వాయిస్తానంది. ఓస్యన్ మూల స్టూలు మీద శ్రుతి చేసుకుంటున్నాడు. నేను టీషర్టులు మడతపెడుతుంటే మెర్విన్ గారు వచ్చారు. చెవుల్లో బిరడాలు ఇంకా పెట్టుకోలేదు. కోటు లోపల్నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, బల్ల మీద నా వైపు తిప్పి పెట్టారు. అందులో నా గొడుగు బొమ్మ.

“ఇది మీది. మా పిల్ల గోడకి అంటించబోతూ వెనక చూసింది. సొంత విషయంలా ఉంది నాన్నా, ఇచ్చేద్దామంది.” ఆయన టోపీ సరిచేసుకున్నారు. “ఇవ్వడానికి వారం పట్టింది. నేను చదువుతూ ఉండిపోయాను. తప్పే.”

కవరు తిప్పాను. మా పెళ్ళి తేదీ, మా పేర్లు, చాపెల్‌లో అందరూ పాడిన కీర్తన. దాని చుట్టూ, అంచుల్లో, గెథిన్ వంకర రాత. పొద్దున నేను మెట్లు దిగే చప్పుడు, చేత్తో పట్టుకున్న బూట్లు, దిండు మీద మిగిలిన గుంట అన్నీ ఉన్నాయి. అయితే మొద్దునిద్ర నటించేవాడన్నమాట. కింద, కీర్తనలో చివరి చరణం పక్కన, ఇలా రాసుంది.

నువ్వు వెళ్ళాక లేస్తాను, టీ కూడా పెట్టుకోను.
ఇంత అదృష్టం నాకెవరిస్తారని ఒకటే అనుమానం.
ముందు వెళ్ళి నీ బ్రష్ ముట్టుకుంటాను.
తడిగా ఉంటే చాలు, నువ్వున్నట్టే.

కళ్ళు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. తలెత్తితే మెర్విన్ గారు నన్ను చూడట్లేదు, టీషర్టులు చూస్తున్నారు.

“మా ఇంట్లోనూ కప్పులో రెండున్నాయమ్మాయ్. మా ఆవిడ జెనెట్‌ది తీయలేదు. తను పోయి రెండేళ్ళయింది. నేను కూడా పొద్దున్నే ముట్టుకుంటాను.” నేను మడతపెట్టిన టీషర్టు అంచు సర్ది, “అలా చేసేవాడు ఇంకొకడున్నాడని తెలీదు” అన్నారు.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. గ్రీజు పోని గరుకు చెయ్యి. ఆయన రెండుసార్లు తట్టి, పిల్ల కోటు అందుకోవాలంటూ వెళ్ళిపోయారు.

నేను కవరు తీసుకెళ్ళి గెథిన్‌కిచ్చాను. ఆయన ఏమన్నారో ఒక్క మాట కలపకుండా చెప్పాను. గెథిన్ జనంలో మెర్విన్ గారి టోపీ ఎక్కడుందా అని వెతుక్కున్నాడు. బెథన్ అతని భుజం మీంచి వంగి మొత్తం చదివింది. ముక్కు తుడుచుకుని, చెక్కపెట్టె మీద నెమ్మదైన దరువు ఒకటి వేళ్ళతో మొదలుపెట్టి ఆపింది. “ఈ వేగం సరిపోతుందా?” అని మాత్రం అడిగింది.

“ఇది సంతోషం పాట, బెథ్.”

“నీకలా అనిపిస్తోందా? నా ముక్కు చూడు. పాడు.”

గెథిన్ ప్లాస్టిక్ కవరు తీసి, గొడుగు బొమ్మ కిందికి పెట్టి, కాళ్ళ దగ్గర అంటించుకున్నాడు.

నాలుగు పాటలు మామూలుగానే సాగాయి. ఐదోది బస్సు పాట కావాలి. పిల్లలు ముందే భుజాలు పట్టుకుని తయారయ్యారు. గెథిన్ నిలబడ్డవాడు కూర్చున్నాడు. కొత్తదొకటుంది, ఏడుపు పాట కాదు, ఇష్టం లేకపోతే రికార్డులు చూసుకోండి అన్నాడు. ఎవరో నవ్వారు. అతను ఎవరి వైపూ చూడకుండా, నేల మీది కాగితం చూస్తూ మొదలుపెట్టాడు. మెట్లు, బూట్లు, దిండు. వీళ్ళ పాటల్లో పరుగు తప్ప తెలియని గిటారు ఆ రోజు నడిచింది. ఓస్యన్ రెండో చరణానికి దారి పట్టుకుని, వెనకే మెల్లిగా వచ్చి చేరాడు. నా ముఖం కాలిపోతోంది. యాభైమందికీ మా స్నానాల గది తెలిసిపోతోంది. అయినా ఒక్కరూ కదలలేదు. హెలెడ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

చివరి చరణంలో టీ దగ్గరికొచ్చాడు. అనుమానం దగ్గరికొచ్చాడు. ముందు వెళ్ళి నీ బ్రష్ అని, నా వైపు చూశాడు. అంతే, గొంతు పట్టేసింది. చేతులు వాయిస్తూనే ఉన్నాయి, నోరు తెరిస్తే మాట రాలేదు. ఆరేళ్ళ అలవాటు కదా, తెలియకుండానే మైకు స్టాండు మోచేత్తో జనం వైపు తోశాడు. తోశాక గుర్తొచ్చింది, ఆ పాట అక్కడెవరికీ రాదని. దుకాణంలో గిటారు తప్ప ఏమీ వినపడలేదు. నేను పాడదామనుకున్నాను. టీషర్టుల బల్ల చుట్టూ తిరిగి ముందుకు రాబోయాను.

“తడిగా ఉంటే చాలు.”

గోడ దగ్గర్నుంచి వచ్చింది ఆ గొంతు. రాగం తెలియని గొంతు. మెర్విన్ గారు కూతురి కోటు గుండెకి పట్టుకుని, నేల చూస్తూ, బస్సులో టిక్కెట్టు అడిగినంత మామూలుగా అన్నారు. “నువ్వున్నట్టే.”

గెథిన్ వాయిస్తూనే ఉన్నాడు. ఆయన మళ్ళీ అన్నారు. ఈసారి హెలెడ్ వెనక్కి తిరిగి వాళ్ళ నాన్నని చూసి గొంతు కలిపింది. మూడోసారికి ఆ పిల్ల పక్కవాళ్ళు, నాలుగోసారికి దుకాణమంతా. బిగ్గరగా కాదు. చాపెల్‌లో పాడినట్టు, ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడేట్టు. ఓస్యన్ స్టూలు మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. అయ్యాక చప్పట్లు మోగాయి. హెలెడ్ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి వాళ్ళ నాన్న నడుం చుట్టూ చేతులేసి ఉండిపోయింది. ఆయన చేతిలోని కోటు ఆమె భుజాల మీద కప్పారు.

బెథన్ చెక్కపెట్టెకి ఫోను ఆనించి మొత్తం రికార్డు చేసిందని మాకు తరవాత తెలిసింది. గెథిన్‌ని అడక్కుండా బయట చిప్స్ తింటూనే ఫిలిప్పాకి పంపేసింది. అతను ఉలిక్కిపడి ఫోను లాక్కోబోయాడు. “ఆలస్యమైంది అన్నా, చేతికి ఉప్పంటుకుంది, వెనక్కి తీయలేను” అంది. సోమవారం సమాధానం వచ్చింది. ఇదే నాలుగోది, స్టూడియోకి ముగ్గురూ రండి, ఆ గొంతున్న పెద్దాయన్ని కూడా వీలైతే తీసుకురండి అని. ఓస్యన్ దాన్ని రెండుసార్లు చదివి, లీడ్స్ వాళ్ళకి ఫోన్ చేసొస్తానని వీధిలోకి వెళ్ళాడు. మెర్విన్ గారు మాత్రం తనకి పాడటం రాదని, ఆ రోజు సెలవు పెట్టడం మాత్రం వచ్చునని కబురు పంపారు. బిరడాలు తెచ్చుకుంటానన్నారు.

ఆ కాగితం ఇప్పుడు హెలెడ్ గోడ మీద ఉంది. ఇచ్చింది గెథినే. ఏ వైపు బయటికి అంటించిందో నేనడగలేదు.

ఫిలిప్పా సమాధానం వచ్చిన మర్నాడు పొద్దున ఆరుంబావుకి స్నానాల గదిలో నిలబడ్డాను. కిందనుంచి రొట్టె వాసన వస్తోంది. గెథిన్ నిద్రపోతున్నాడో, నటిస్తున్నాడో, నేను పట్టించుకోలేదు. పళ్ళు తోముకుని బ్రష్ కప్పులో పెట్టబోయి ఆగాను. అతను ఎప్పుడు లేస్తాడో తెలియదు. అప్పటిదాకా ఆరకూడదు కదా. కుళాయి తిప్పి, దాన్ని మళ్ళీ నిండా తడిపి, విదల్చకుండా పెట్టాను. బూట్లు చేత్తో పట్టుకుని, చప్పుడయ్యేట్టే మెట్లు దిగాను.